రెండు సెంటీమీటర్ల నీళ్లు

రాత్రి రెండు దాటింది. జిల్లా ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో వార్మర్ కింద పడుకున్న పిల్లవాడికి ఇంకా పేరు లేదు. కాలి పట్టీ మీద తల్లి పేరే ఉంది. సాయంత్రం పుట్టాడు. నెలలు నిండినవాడే, బరువు మూడు కిలోలు. కడుపులో ఉండగానే మలం పోయి, అది కలిసిన ఉమ్మనీటిని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకున్నాడు. బయట వరండాలో అమ్మమ్మ, వచ్చిన చుట్టాలందరికీ ‘బిడ్డ ఉమ్మనీరు తాగేశాడంట’ అని చెబుతోంది. ఇంతసేపూ డొక్కలు ఎగరేస్తూనే అయినా ఆక్సిజన్ మీద నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఉన్నట్టుండి నీలంగా మారాడు. మానిటర్ మీద 92 చూపిన అంకె 70కి, అక్కణ్నుంచి 58కి దిగింది. ఎడమపక్క వినపడాల్సిన గుండె చప్పుడు రొమ్ము ఎముక దాటి కుడిపక్కకు జరిగింది.

సిస్టర్ లైట్లు తీసేసింది. డాక్టరు వేలంత లావున్న ఒక చల్లని దీపాన్ని బిడ్డ ఛాతీకి ఆనించాడు. కుడివైపు దీపం చుట్టూ చిన్న ఎర్రని వలయం మాత్రమే కనపడింది. ఎడమవైపు పెట్టగానే పక్కటెముకల నుంచి చంక దాకా ఆ భాగమంతా ఎర్రగా వెలిగింది. కార్తీకమాసంలో గుడి ముందు వేలాడే ఆకాశదీపంలా ఉంది. ఊపిరితిత్తి ఉండాల్సిన చోట గాలి నిండి ఉంది. ఎక్స్‌రే మిషన్ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు.

ఇలాంటి రాత్రి తెలియని నవజాత శిశు విభాగం ఉండదు. ఆ గాలి అక్కడికెలా వచ్చింది, దాన్ని బయటికి తీసే గొట్టం ఎలా పనిచేస్తుంది అన్నది ఈ అధ్యాయం. ఇందులో ఒత్తిళ్లన్నీ ఒకే కొలతలో వస్తాయి: సెంటీమీటర్ల నీళ్లు. ఒక గొట్టంలో నీటిని ఒక సెంటీమీటరు ఎత్తుకు లేపగల ఒత్తిడిని ఒక సెంటీమీటరు నీళ్లు అంటారు. ఎంత చిన్న కొలతో తెలియాలంటే, గట్టిగా గాలి కొట్టిన సైకిలు టైరులో ఈ లెక్కన రెండు వేల సెంటీమీటర్లు దాటుతుంది. పసిబిడ్డ చావుబతుకులు ఐదు, పది, ఇరవై సెంటీమీటర్ల మధ్య తేలిపోతాయి.

ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతికించి లేదు. దాని మీద ఒక పలుచని పొర, గోడకు లోపలివైపు ఇంకో పొర ఉంటాయి. రెంటి మధ్య పేరుకు మాత్రమే తడి ఉంటుంది. తడిసిన రెండు అద్దం పలకల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. పక్కలకు జారతాయి గానీ విడదీయబోతే రావు. ఛాతీ ఎటు విస్తరిస్తే ఊపిరితిత్తి అటు సాగేది ఈ తడి పట్టు వల్లే. మామూలు స్థితిలో ఊపిరితిత్తి ఎప్పుడూ లోపలికి ముడుచుకుపోవాలని చూస్తుంది, ఛాతీ గోడ బయటికి లాగుతుంది. ఈ పెనుగులాట వల్ల రెండు పొరల మధ్య ఒత్తిడి బయటి గాలి కంటే కొన్ని సెంటీమీటర్లు తక్కువగా ఉంటుంది. ఆ సందులోకి గాలికి దారి దొరికితే పట్టు వదిలిపోతుంది, ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది.

పుట్టిన క్షణంలో ఈ పట్టు మీద పడే భారం ఆ తర్వాత జీవితంలో చాలా అరుదుగా పడుతుంది. కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తుల నిండా నీరే. ఆ నీటిని ఊపిరితిత్తులే స్రవిస్తాయి. నెలలు నిండిన బిడ్డలో అది సుమారు చిన్న టీ గ్లాసుడు. నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్లు ఈ స్రావాన్ని ఆపి, నీటిని వెనక్కి పీల్చుకునే పని మొదలుపెడతాయి. మిగిలినదాన్ని నెట్టేసి మొదటి ఊపిరి లోపలికి పోవాలి. మనం ఇప్పుడు కూర్చుని పీలుస్తున్న ఊపిరికి ఐదారు సెంటీమీటర్ల లాగుడు చాలు. మొదటి ఏడుపుకు ముందు బిడ్డ నలభై, యాభై సెంటీమీటర్లు, కొందరైతే అంతకంటే ఎక్కువ లాగుతారు. ప్రసవం గదిలో మనందరికీ ఆనందం కలిగించే ఆ కేక వెనక ఇంత శ్రమ ఉంది.

ఊపిరితిత్తిలో అన్ని భాగాలూ ఒకేసారి తెరుచుకోవు. కొన్ని గాలి తిత్తుల్లో నీరో, మలమో అడ్డుపడి మూసుకుపోతే, వాటికి పోవాల్సిన గాలంతా తెరుచుకున్నవాటి మీద పడుతుంది. ఉమ్మనీటిలో కలిసిన మలం ఇంకో హాని చేస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు నాళం కాస్త విప్పారి గాలి లోపలికి పోతుంది, వదిలేటప్పుడు నాళం సన్నబడి ఆ ముద్ద బిరడాలా బిగుస్తుంది. లోపలికి పోయిన గాలి లోపలే ఉండిపోయి, పైపైన ఇంకా చేరుతుంది. చివరికి తిత్తి గోడ చినుగుతుంది.

చినిగిన తిత్తిలోంచి గాలి నేరుగా ఛాతీలోకి దూకుతుందని చాలాకాలం అనుకున్నారు. కెనడా శాస్త్రజ్ఞుడు చార్లెస్ మాక్లిన్ 1939లో అసలు దారి చూపించాడు. పిల్లుల ఊపిరితిత్తుల్లోకి గాలి ఎక్కించి పరీక్షిస్తే, చినిగిన తిత్తిలోంచి గాలి రక్తనాళాల చుట్టూ ఉన్న తొడుగులోకి దూరి, దాని వెంబడే పాకుతూ ఛాతీ మధ్య భాగానికి చేరుతోందని తేలింది. అక్కణ్నుంచి పొరలు చీల్చుకుని ఊపిరితిత్తి చుట్టూ చేరవచ్చు, గుండె సంచిలోకి పోవచ్చు, మెడ చర్మం కిందికి ఎక్కవచ్చు. పంట కాలువకు గండి పడితే నీరు పడ్డచోటే నిలవదు, పల్లం వెతుక్కుంటూ ఎక్కడో పొలంలో తేలుతుంది. ఇదీ అంతే. అందుకే ఒకే బిడ్డలో గాలి ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట కనపడుతుంది.

నిజానికి వందమంది నవజాత శిశువులకు ఎక్స్‌రే తీస్తే ఒకరిద్దరిలో ఈ గాలి కనిపిస్తుంది. వాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. కాస్త ఆయాసపడి, ఒకటి రెండు రోజుల్లో గాలి దానంతటదే రక్తంలోకి ఇంకిపోయి, పాలు తాగుతూ ఇంటికి పోతారు. ఛాతీలో గాలి కనపడింది కదాని ప్రతి బిడ్డకూ గొట్టం వేయనక్కర్లేదు. మన పిల్లవాడికి జరిగింది వేరు. చినిగిన చోట తలుపు ఒకవైపే తెరుచుకుంటోంది. ప్రతి ఊపిరికీ కొంత గాలి పొరల మధ్యకు చేరుతుంది, తిరిగి రాదు. అలా నిండి నిండి ఊపిరితిత్తిని నొక్కేసి, గుండెను అవతలికి నెట్టి, గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరల్ని అణిచేస్తుంది. అప్పుడు ప్రాణం తీసేది గాలి అందకపోవడం ఒక్కటే కాదు, గుండెకు రక్తం చేరకపోవడం కూడా. అందుకే ఈ స్థితిలో లెక్క నిమిషాల్లో ఉంటుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కారణం ఇంకొకటి. కుంకుడుకాయ నురుగు మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. రసం కలవని నీటిని ఎంత చిలికినా బుడగ నిలవదు, రసం కలిపితే నిలుస్తుంది. నీటి ఉపరితలంలో ఉండే బిగువును ఆ రసం తగ్గిస్తుంది. ఊపిరితిత్తి తిత్తుల లోపల కూడా అటువంటి పదార్థం ఒకటి పూతలా ఉంటుంది, దాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ తిత్తులు అతుక్కుపోతాయి, మళ్లీ తెరవడానికి మొదటి ఊపిరంత బలం కావాలి. నెలలు తక్కువ పిల్లల్లో లోపించేది ఇదేనని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ నిరూపించారు. తెలిసింది గానీ మందు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఐదారు వారాలు ముందుగా కొడుకు పుట్టాడు, పేరు ప్యాట్రిక్, బరువు రెండు కిలోల పైన. బోస్టన్‌లో అప్పటికున్న వైద్యమంతా చేశారు. 39 గంటలు బతికాడు. ఇప్పుడు అంత బరువుతో, అన్ని వారాలకు పుట్టిన బిడ్డ మన జిల్లా ఆసుపత్రిలో కూడా బతికి బయటపడతాడని గట్టిగా ఆశించవచ్చు.

1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ బృందం, బిడ్డ ఊపిరి వదిలాక కూడా తిత్తులు మూసుకుపోకుండా కొన్ని సెంటీమీటర్ల ఒత్తిడిని నిలిపి ఉంచే పద్ధతి చూపించింది. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో ‘సీ-పాప్ పెట్టారు’ అనేది అదే. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లో పోసి మార్పు చూపించాడు. ఆ తర్వాత వచ్చిన పరీక్షల్లో మరణాలతో పాటు తగ్గిన ఇంకొకటి, ఛాతీలో గాలి చేరడం. తిత్తి మెత్తగా తెరుచుకుంటే చినగాల్సిన పని లేదు.

మళ్లీ వార్మర్ దగ్గరికి వద్దాం. ఈ వైద్యంలో అన్నింటికన్నా కష్టమైన పని గొట్టం వేయడం కాదని నా అభిప్రాయం. ఇది గాలేనని సరైన నిమిషంలో గుర్తుపట్టడం అంతకంటే కష్టం. పసిబిడ్డ ఛాతీ అడ్డంగా పది సెంటీమీటర్లకు మించదు. ఒకవైపు చప్పుడు రెండోవైపుకి తేలిగ్గా పాకుతుంది. స్టెతస్కోపు పెడితే నిండా గాలి ఉన్న వైపు కూడా ఊపిరి వినిపించినట్టే ఉంటుంది. వెంటిలేటర్ మీదున్న బిడ్డ హఠాత్తుగా నీలంగా మారితే గొట్టం జారిందా, గొట్టంలో కళ్లె అడ్డుపడిందా, ఛాతీలో గాలి చేరిందా, మిషన్ పాడైందా అని నాలుగూ వరసగా చూసుకోవాలి. దీపం పద్ధతి 1970లలో సన్నని గాజుతీగల వెలుగు వచ్చాక స్థిరపడింది. చిన్నపిల్లల ఛాతీ గోడ పలుచన కాబట్టే వెలుగు దాటి వస్తుంది. ఆ దీపానికీ పొరపాట్లున్నాయి. ఒళ్లు నీరుపట్టి ఉబ్బిన బిడ్డలో గాలి లేకపోయినా వెలుగు పరుచుకుంటుంది, నెలలు నిండి చర్మం మందంగా ఉన్న బిడ్డలో గాలి ఉన్నా వెలగకపోవచ్చు. ఎక్స్‌రేలో చర్మం ముడత కూడా ఊపిరితిత్తి అంచులా గీత గీసి మోసం చేస్తుంది. ఈ మధ్య కాలంలో అల్ట్రాసౌండ్ బాగా నమ్మకమైన సాధనం అయింది. రెండు పొరలు ఒకదానిమీద ఒకటి జారుతూ ఉంటే తెర మీద చీమలబారు కదిలినట్టు మెరుస్తుంది. గాలి దూరితే ఆ కదలిక ఆగిపోతుంది.

గుర్తుపట్టాక మొదట సూది. కాలర్ ఎముక నడుమ నుంచి కిందికి దిగితే రెండో పక్కటెముక సందు వస్తుంది, లేదా చంక ముందు గీత మీద నాలుగో సందు. సూది ఎప్పుడూ కింది పక్కటెముక పై అంచును ఆనుకునే లోపలికి పోవాలి. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక గాడి ఉంటుంది, ఆ గాడిలో సిర, ధమని, నరం దాక్కుని ఉంటాయి. అక్కడ గుచ్చితే రక్తస్రావం. సూదికి మూడు దారుల కుళాయి, దానికి సిరంజి తగిలించి మెల్లగా లాగితే గాలి వచ్చేస్తుంది. మన పిల్లవాడికి సిరంజి మూడుసార్లు నిండింది. మానిటర్ 58 నుంచి 85కి ఎక్కింది. చూస్తున్నవాళ్లకు ఇది అద్భుతంలా అనిపిస్తుంది. అణిగిన సిరలు విడిపడి గుండెకు మళ్లీ రక్తం అందింది.

చాలాసార్లు ఇంతటితో కూడా సరిపోతుంది. డబ్లిన్ వైద్యులు ముందుండి నడిపి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గాలి చేరిన శిశువులకు మొదట సూదితో లాగి చూస్తే, దాదాపు సగం మందికి ఆ తర్వాతి ఆరు గంటల్లో గొట్టం అవసరమే రాలేదు. ఈ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా చూస్తాను. ఎందుకంటే గొట్టం చేసే మేలుతో పాటు గాయం కూడా ఉంది. కానీ గాలి మళ్లీ మళ్లీ చేరుతుంటే, బిడ్డ వెంటిలేటర్ మీద ఉంటే, గొట్టం తప్పదు. మన పిల్లవాడికీ అది తప్పలేదు.

గొట్టాల లావును ‘ఫ్రెంచ్’లలో చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్ పరికరాల తయారీదారు షారియేర్ పెట్టిన కొలత అది. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. పసిపిల్లలకు ఎనిమిది, పది, పన్నెండు ఫ్రెంచ్ గొట్టాలు వాడతారు. అంటే సుమారు రెండున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు. చంక ముందు గీత మీద నాలుగో, ఐదో సందు ఎంచుకుంటారు. చనుమొనకు, దాని చుట్టూ ఉన్న మెత్తని మొగ్గకు దూరంగా ఉండటం నియమం. రెండు రోజుల ఆడపిల్ల ఛాతీ మీద ఆ మొగ్గ బఠాణీ గింజంత కూడా ఉండదు. అక్కడ కత్తి పడితే ఆ రోజు ఎవరికీ తెలియదు. పన్నెండు, పద్నాలుగేళ్లకు ఒకవైపు రొమ్ము సరిగా ఎదగక, ముడుచుకున్న మచ్చగా బయటపడుతుంది. ప్రాణం పోయే తొందరలో కూడా ఆ అరంగుళం పక్కకు జరిగే నిగ్రహం ఉండాలి.

సెంటీమీటరు లోపే కోత. పక్కటెముక పై అంచు మీదుగా మొద్దు ఫోర్సెప్స్‌తో కండను మెల్లగా విడదీసుకుంటూ పోతే పొర తెగిన స్పర్శ వేలికి తెలుస్తుంది. వాడి మొన ఉన్న కడ్డీతో గుచ్చడం పాత పద్ధతి. అది ఊపిరితిత్తిని చీల్చిన సందర్భాలున్నాయి కాబట్టి ఇప్పుడు దాదాపు మానేశారు. గాలి పైకి తేలుతుంది, నీరు కిందికి దిగుతుంది. బిడ్డ వెల్లకిలా పడుకుని ఉంటాడు కాబట్టి, గాలి కోసమైతే గొట్టం కొసను ముందువైపుకి, నీటి కోసమైతే వీపువైపుకి తిప్పుతారు. లోపలికి పోవాల్సింది రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లే. ఎక్కువ దూరితే అవతలి నరాన్నో, పెద్ద రక్తనాళాన్నో తాకుతుంది. ఈ మధ్య చాలాచోట్ల సన్నని తీగ మీదుగా జార్చే, కొస చుట్టుకునే గొట్టాలు వచ్చాయి. ఆ తీగ పద్ధతి స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ 1953లో రక్తనాళాల కోసం కనిపెట్టినది. కోత లేదు, కుట్లు తక్కువ, నొప్పి తక్కువ.

నొప్పి మాట వచ్చింది కనుక ఇక్కడ కాస్త ఆగాలి. 1980ల దాకా ప్రపంచంలోని మంచి మంచి ఆసుపత్రుల్లో కూడా నవజాత శిశువులకు నొప్పి సరిగా తెలియదని, తెలిసినా గుర్తుండదని నమ్మేవారు. మత్తుమందు వాళ్లకు ప్రమాదమన్న భయం దానికి తోడు. కండరాలు కదలకుండా చేసే మందు మాత్రం ఇచ్చి ఆపరేషన్లు చేశారు. బిడ్డ కదలలేదు కాబట్టి నొప్పి లేదనుకున్నారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆపరేషన్ గది నుంచి తిరిగొచ్చే పిల్లల పరిస్థితి చూసి ఈ నమ్మకాన్ని ప్రశ్నించాడు. 1987లో ఆయన బృందం ప్రచురించిన పరీక్షలో, గుండె దగ్గరి నాళం మూసే ఆపరేషన్‌కు ముందు ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చిన నెలలు నిండని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు చాలా తక్కువగా పెరిగాయని, ఆపరేషన్ తర్వాతి చిక్కులు కూడా తగ్గాయని తేలింది. ఇవాళ ఛాతీ గొట్టం వేసేముందు చర్మానికి లిగ్నోకైన్, అవసరాన్నిబట్టి మార్ఫిన్ లాంటి మందు ఇవ్వడం నియమమైంది. ‘పసిగుడ్డు, వాడికేం తెలుస్తుంది’ అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. వాడికి తెలుస్తుంది.

గొట్టం లోపల పడింది, కుట్టు వేశారు. గొట్టం రెండో కొస గాలిలో వదిలేస్తే బిడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా బయటి గాలి లోపలికి దూరుతుంది, ఉన్నది పోకపోగా కొత్తది చేరుతుంది. ఇక్కడ నీళ్లు తలుపుగా పనిచేస్తాయి. గొట్టం కొసను సీసాలోని శుభ్రమైన నీటిలో రెండు సెంటీమీటర్లు ముంచుతారు. ఛాతీలో ఒత్తిడి రెండు సెంటీమీటర్లు దాటగానే గాలి నీటిలోంచి బుడగలుగా బయటపడుతుంది. బిడ్డ పీల్చినప్పుడు గొట్టంలోకి గాలికి బదులు నీరు కాస్త పైకి లేచి ఆగిపోతుంది. సీసాను మంచం కంటే బాగా కింద ఉంచితే ఆ నీరు బిడ్డ దాకా ఎప్పటికీ చేరలేదు. హుక్కాలో పొగ నీటిలోంచి ఒకేవైపు వెళ్లినట్టే ఇక్కడ గాలికీ ఒకేవైపు దారి. స్ప్రింగు లేదు, కరెంటు అక్కర్లేదు, పాడయ్యే భాగమేదీ లేదు.

పెద్దల ఛాతీలో చీము తీయడానికి ఈ నీటి తలుపును జర్మనీలోని హాంబర్గ్ వైద్యుడు బ్యూలౌ ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పద్ధతి 1891లో అచ్చయింది. దాని విలువ లోకానికి తెలిసింది మాత్రం 1918లో. మొదటి ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైనిక శిబిరాల్లో ఫ్లూ, తట్టు తర్వాత వేలమంది కుర్రవాళ్లకు ఛాతీలో చీము పట్టింది. శస్త్రవైద్యులు వెంటనే పక్కటెముక తీసి ఛాతీని బార్లా తెరిచేవారు. రోగులు రాలిపోయారు. ఎవార్ట్స్ గ్రాహం పనిచేసిన వైద్య సంఘం కారణం తేల్చింది. పొరలు ఇంకా గట్టిపడకముందే ఛాతీని గాలికి తెరిస్తే ఊపిరితిత్తి కుప్పకూలుతోంది. గాలి చొరబడని గొట్టంతో చీము తీసి, ఛాతీని మూసి ఉంచమని చెప్పారు. మరణాలు బాగా పడిపోయాయి. మన వార్మర్ కింది సీసా ఆ శిబిరాల నుంచి నేర్చుకున్న పాఠం.

ఆ సీసాను చదవడం నర్సులకు బాగా తెలుసు. గొట్టంలో నీరు ఊపిరితో పాటు పైకీ కిందికీ ఊగుతుంటే దారి తెరిచి ఉన్నట్టు. ఊగడం ఆగితే గొట్టం మెలిక పడిందో, అడ్డుపడిందో, లేక ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందో చూడాలి. బుడగలు వస్తుంటే గాలి ఇంకా కారుతోంది. బుడగలు వస్తున్న గొట్టాన్ని క్లాంపు వేసి మూయకూడదు. 108లో ఇంకో ఊరికి తీసుకెళ్లేటప్పుడు కూడా మూయకూడదు, మూసిన మరుక్షణం లోపల మళ్లీ గాలి పేరుకుంటుంది. సీసాను బిడ్డ పక్కకో, స్ట్రెచర్ మీదికో ఎత్తకూడదు. ఇవి పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ప్రాణాలు ఇక్కడే పోతాయి.

ఒకప్పుడు గాలిని త్వరగా ఇంకించడానికి బిడ్డ చుట్టూ వంద శాతం ఆక్సిజన్ నింపేవారు. రక్తంలో నత్రజని తగ్గితే ఛాతీలోని గాలిని అది త్వరగా లాగేసుకుంటుందన్నది తర్కం. కాగితం మీద తర్కం బాగానే ఉంది. తర్వాత చేసిన పోలికల్లో త్వరగా మానిన దాఖలా కనపడలేదు. నెలలు నిండని పిల్లలకైతే అదనపు ఆక్సిజన్ కంటి రెటీనాను దెబ్బతీస్తుంది. ఆ చూపుపోయే జబ్బు కోసం పసికందుల కళ్లు పరీక్షించే పనిలో హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఏళ్లుగా ఉంది. కాబట్టి ఆ అలవాటును పూర్తిగా వదలడమే మంచిది.

గాలి కాకుండా నీరు చేరే పిల్లలు వేరే కథ. నవజాత శిశువుల్లో ఛాతీలో నీరు చేరడానికి ఎక్కువగా కనపడే కారణం, శోషరసం కారడం. మనం తిన్న కొవ్వు నేరుగా రక్తంలో కలవదు. పేగుల నుంచి సన్నని శోషనాళాల్లో చేరి, వెన్నెముక పక్కగా ఛాతీలోంచి ఎక్కే ఒక పెద్ద నాళం ద్వారా ఎడమ మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. ఆ నాళం పుట్టుకతోనే సరిగా లేకపోయినా, గుండె ఆపరేషన్‌లో తెగినా, రసం ఛాతీలోకి కారుతుంది. బిడ్డ ఇంకా పాలు తాగనప్పుడు అది పసుపుపచ్చగా తేటగా ఉంటుంది. పాలు మొదలుపెట్టాక సీసాలో చిక్కని తెల్లటి ద్రవం దిగుతుంది. అది చూసి ‘నేను పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయా డాక్టరుగారూ’ అని తల్లులు కుమిలిపోతారు. పోలేదమ్మా అని ముందే చెప్పాలి. పాలు వెళ్లాల్సిన దారినే వెళ్లాయి, అరిగాయి. దారిలో నాళానికి చిల్లు ఉంది, అంతే.

ఇక్కడ గొట్టం ఒక్కటే వైద్యం కాదు. రోజూ కారే రసంతో పాటు మాంసకృత్తులు, రోగాన్ని ఎదిరించే కణాలు కూడా పోతాయి, బిడ్డ బలహీనపడి ఇన్‌ఫెక్షన్లకు లోనవుతుంది. కారడం తగ్గాలంటే ఆ నాళంలో ప్రవాహం తగ్గాలి. కొబ్బరినూనెలో కొంత భాగంగా ఉండే మధ్యస్థ గొలుసు కొవ్వులకు శోషనాళాల అవసరం లేదు, నేరుగా కాలేయానికి పోతాయి. వాటితో తయారుచేసిన ప్రత్యేకమైన పాలపొడి ఇస్తారు. ఇంట్లో కొబ్బరినూనె పడితే అదే పని జరుగుతుందని మాత్రం అనుకోవద్దు, పసిబిడ్డకు అది ప్రమాదం. కొన్ని కేంద్రాల్లో తల్లి పాలనే యంత్రంలో తిప్పి, వెన్న తీసి ఇస్తారు. తల్లి పాలు తల్లి పాలే కనుక ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. కొందరికి కొన్నాళ్లు నోటితో ఏమీ ఇవ్వకుండా సెలైన్ దారినే ఆహారం ఎక్కించాలి. వారాలు పడుతుంది. గాలి కథ గంటల్లో, రోజుల్లో తేలిపోతుంది. ఈ కథకు ఓపిక కావాలి.

మన పిల్లవాడి సీసాలో మూడో రోజు ఉదయానికి బుడగలు ఆగాయి. ఇరవై నాలుగు గంటలు ఆగి చూశారు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి గోడ దాకా విచ్చుకుంది. గొట్టం తీసి, రంధ్రం మీద గాలి చొరబడకుండా పట్టీ వేశారు. అది మానాక చంక కింద బియ్యపుగింజంత మచ్చ మిగులుతుంది.

ఈ గొట్టం అసలు అవసరం రాకుండా చేసే పనులు రెండు మన చేతుల్లో ఉన్నాయి. ఒకటి ఆసుపత్రి పని. పుట్టగానే ఏడవని బిడ్డకు అంబు బ్యాగ్‌తో ఊపిరి ఇస్తారు. మూడు కిలోల బిడ్డకు ఒక్కో ఊపిరికి కావాల్సింది పదిహేను మిల్లీలీటర్లు, అంటే మూడు టీ స్పూన్లు. పసిపిల్లల బ్యాగులో కూడా పట్టేది రెండు వందల మిల్లీలీటర్ల పైనే. కంగారులో గట్టిగా నొక్కితే తిత్తి చినగడానికి ఒక్క నొక్కు చాలు. ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్లతో మొదలుపెట్టి, ఛాతీ లేచిందా లేదా చూస్తూ రెండు వేళ్లతో నొక్కడం నేర్పాలి. ఆ నేర్పు ప్రతి ప్రసవం గదిలోనూ, ప్రతి షిఫ్టులోనూ ఒకరికైనా ఉండాలి.

రెండోది కుటుంబాల పని. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 ప్రసవాలు సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5. అవసరమైన సిజేరియన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, దానికి వంక పెట్టను. కానీ నొప్పులు రాకముందే, 39 వారాలు నిండకముందే ముహూర్తం చూసి బిడ్డను బయటికి తీస్తే, ఊపిరితిత్తుల్లో నీటిని ఇంకించే హార్మోన్లు ఇంకా విడుదలై ఉండవు. ఆ బిడ్డలకు ఆయాసం ఎక్కువ, ఛాతీలో గాలి చేరడం ఎక్కువ. మీ ఇంట్లో గర్భిణి ఉంటే, ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి ఉంటే, తొందరపడాల్సిన వైద్య కారణం ఉందా అని అడగండి. లేదంటే, పంతులుగారు చెప్పిన తేదీ 39 వారాలకు ముందుదైతే, ఆ తర్వాత వచ్చే మంచిరోజు చూడమని ఆయన్నే అడగండి.